ముందు గింజ నానబెట్టండి, పాఠం తర్వాత: చిన్న తరగతుల పిల్లలతో మొక్కలు పెంచడం ఎలా

ఆరేళ్ల పిల్లల చేతిలో రాత్రంతా నానిన చిక్కుడు గింజ పెట్టి, "దీని లోపల ఏముందో చూద్దామా?" అని అడగండి. అల్లరి అదే సద్దుమణుగుతుంది. అదే బోర్డు మీద మొక్క బొమ్మ గీసి వేరు, కాండం, ఆకు అని బాణాలు పెట్టారంటే, పది నిమిషాల్లో సగం మంది కిటికీలోంచి బయటికి చూస్తుంటారు. బయట చెట్టుంటే అదీ ఒక రకంగా పాఠమేలెండి.

కిండర్‌గార్టెన్ అన్న జర్మన్ మాటకు అర్థం పిల్లల తోట. 1840లో తన బడికి ఆ పేరు పెట్టిన ఫ్రీడ్రిష్ ఫ్రోబెల్, ఒక్కో పిల్లవాడికి సొంతంగా చిన్న మడి, అందరికీ కలిపి ఇంకొన్ని మళ్లు ఉండాలన్నాడు. పేరు ప్రపంచమంతా పాకింది. తోట మాత్రం చాలా చోట్ల దారిలోనే మిగిలిపోయింది.

ఇక్కడ రాసేది 5 నుంచి 9 ఏళ్ల పిల్లల కోసం. తోట లేకపోయినా ఫర్వాలేదు, వెలుతురు వచ్చే ఒక కిటికీ గట్టు చాలు. మొదటి మూడు పనులు రెండు వారాల్లో అయిపోతాయి. పువ్వు పూసి, గింజ కట్టేదాకా వెళ్లాలంటే రెండు మూడు నెలలు పడుతుంది. మీరు టీచరైనా, ఇంట్లో ఇద్దరు పిల్లలతో చేసే అమ్మానాన్నలైనా పద్ధతి ఒకటే. ప్రతి పనికీ ముందు పిల్లల్ని ఊహించమనాలి, ఆ ఊహను కాగితం మీద పెట్టించాలి, ఆ తర్వాతే చేయాలి. ఊహ రాయకుండా చూపిస్తే ఏది చూపించినా "ఓ, అంతేగా" అంటారు. రాశాక చూస్తే తమ మాట నెగ్గిందో లేదో తేల్చుకోవడానికి పొద్దున్నే కిటికీ దగ్గరికి పరిగెత్తుతారు.

ఏ గింజలు తీసుకోవాలి

త్వరగా మొలిచేవి, చిన్న వేళ్లకు దొరికేంత పెద్దవి తీసుకోండి. ఐదేళ్ల పిల్లలకు మూడు రోజులు ఆగడమంటే మూడు నెలలతో సమానం.

వెచ్చటి వాతావరణంలో పెసలు ఒకటి రెండు రోజుల్లోనే మొలకెత్తుతాయి. మెంతులు, ఆవాలు, శనగలు రెండు మూడు రోజులు తీసుకుంటాయి. చిక్కుడు, అలసంద మట్టిలోంచి తల పైకెత్తడానికి నాలుగు రోజుల నుంచి వారం. బంతి కూడా దాదాపు అంతే. చలిగా ఉన్న రోజుల్లో ఇవన్నీ రెట్టింపు సమయం తీసుకోవచ్చు. ధనియాలు, మిరప గింజలు మాత్రం మొదటిసారికి వద్దు. రెండు వారాలైనా మట్టి మట్టిలాగే కనిపిస్తుంటే పిల్లలకు విసుగొచ్చి, వేలితో తవ్వి చూస్తారు. తవ్వాక అవి ఇక మొలవవు.

నా మాట అడిగితే చిక్కుడుతో మొదలుపెట్టండి. రాజ్మా అయినా సరే. గింజ పెద్దది, సులువుగా విడిపోతుంది, లోపలి చిట్టి మొక్క కంటికి కనిపిస్తుంది. ఓపిక లేని రోజుల కోసం పక్కన పెసలు పెట్టుకోండి.

తరగతిలో చేయడానికి వారం ముందే మీరొక్కరే ఒక పరీక్ష చేసుకోండి. పది గింజల్ని తడిగుడ్డలో చుట్టి పెట్టండి. ఎనిమిదో తొమ్మిదో మొలిస్తే ధైర్యంగా వాడొచ్చు. ఐదు కూడా రాకపోతే ఆ గింజలు వదిలేయండి. మొదటి ఏడాది నేను ఈ పరీక్ష చేయలేదు. ముప్పై కప్పులు వరసగా పెట్టి, పదిహేను రోజులు ముప్పై మంది ముఖాలు చూస్తూ గడిపాను. గింజలు పాతవని తర్వాత తెలిసింది.

జాగ్రత్తల విషయంలో మొహమాటం వద్దు. విత్తనాల దుకాణాల్లో గులాబీ, నీలం రంగు పూత పూసినవి ఉంటాయి. అది పురుగుమందో, బూజుమందో అయ్యుండొచ్చు, పిల్లల చేతికి ఇవ్వకండి. ఆముదం, గురివింద, ఉమ్మెత్త, గన్నేరు గింజలు విషం. గురివింద ఎర్రగా అందంగా ఉంటుంది కాబట్టి పిల్లలే ఎక్కడినుంచో ఏరుకొస్తారు, కనిపెట్టి ఉండండి. రాజ్మా పచ్చిది నమిలినా కడుపు పాడవుతుంది, కాబట్టి "ఈ గింజలు నోట్లో పెట్టుకునేవి కావు" అని ముందే చెప్పండి. ఇంకొకటి, గింజను ముక్కులోనో చెవిలోనో దూర్చుకునే పిల్లవాడు ప్రతి తరగతిలోనూ ఒకడుంటాడు. లోపల తడి తగిలి గింజ ఉబ్బిందంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. అందుకే లెక్కపెట్టి ఇవ్వండి, లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి. పిల్లలకు కూడికలు కూడా వస్తాయి.

మొదటి పని: గింజను విప్పి చూడటం

ముందురోజు సాయంత్రం పిల్లల ముందే గింజలు నీళ్లలో వేయండి. ఎనిమిది నుంచి పన్నెండు గంటలు నానాలి. ఒక్కొక్కరి దగ్గర ఒక ఎండు గింజ ఉంచి, దాని చుట్టూ పెన్సిల్‌తో గీత గీయించండి. మర్నాడు అదే గీత మీద నానిన గింజ పెడితే, గీత దాటి బయటికొస్తుంది. "నీళ్లు తాగి లావైంది" అని వాళ్లే అంటారు. నీళ్లు ఎటునుంచి లోపలికెళ్లాయని అడగండి.

గింజ ఒక పక్కన మచ్చ ఉంటుంది. కాయలో ఉన్నప్పుడు తల్లి మొక్కకు అతుక్కున్న చోటు అది, మనకు బొడ్డు ఉన్నట్టే. దాని పక్కనే సూది మొనంత రంధ్రం ఉంటుంది. నానిన గింజను రెండు వేళ్లతో మెల్లగా నొక్కితే అక్కడినుంచి చిన్న నీటిచుక్క వస్తుంది. భూతద్దం ఉంటే ఇక్కడ వాడండి. లేకపోతే అందరూ ఒకరి తర్వాత ఒకరు కళ్లు చికిలించి చూస్తారు, అదీ బాగుంటుంది.

ఇప్పుడు విప్పొద్దు. ముందు కాగితాలు ఇచ్చి "లోపల ఏముంటుందనుకుంటున్నారో గీయండి" అనండి. కొందరు పూలతో సహా పూర్తి చెట్టు గీస్తారు. కొందరు లోపల ఇంకా చిన్న గింజలు గీస్తారు. ఒక పాప ఖాళీ గుండ్రం గీసి నల్లరంగు వేసింది, ఏంటని అడిగితే "లోపల చీకటి కదా" అంది. దేన్నీ తప్పనొద్దు, కాగితం మీద తేదీ వేసి దాచండి.

ఆ తర్వాత గోటితో తొక్క తీయించండి. బద్దలు రెండూ మెల్లగా విడిపోతాయి. ఒక బద్దకు అతుక్కుని రెండు చిట్టి ఆకులు, ఒక మొనతో మొక్క కనిపిస్తుంది. ఆ క్షణంలో మీరు మాట్లాడకండి. అరుపులు తగ్గాక అడగండి, "మరి ఈ రెండు బద్దలు ఎందుకు?" అవి తల్లి మొక్క కట్టిచ్చిన సద్దిమూట. ఆకులు వచ్చి సొంతంగా తిండి చేసుకునేదాకా మొలక దీన్నే తింటుంది. బీజదళాలు అన్న పేరు ఇప్పుడు చెబితే గుర్తుంటుంది, ముందే చెబితే స్పెల్లింగ్ పరీక్షలాగా మిగిలిపోతుంది.

కాస్త పెద్ద పిల్లలైతే ఇంకో అడుగు వేయొచ్చు. మొక్క అతుక్కున్న బద్దను, మొక్క లేని బద్దను, పూర్తి గింజను పక్కపక్కన తడి దూదిలో పెట్టించండి. మొక్క లేని బద్ద ఎప్పటికీ మొలవదు. మొక్క ఉన్న సగం బద్ద మొలుస్తుంది, కానీ సద్ది సగమే కాబట్టి కాస్త బక్కగా వస్తుంది. మొక్కజొన్న గింజ ఇచ్చి "దీన్నీ విప్పండి" అంటే కాసేపు కుస్తీ పడతారు. అది రెండుగా విడిపోదు, అందులో ఉన్నది ఒకటే బీజదళం.

రెండో పని: గాజు గ్లాసులో మొలక

మట్టిలో నాటితే అసలు జరిగేదంతా కనిపించకుండా జరుగుతుంది. అందుకే ముందు పారదర్శకంగా ఉండే గ్లాసు. చిన్నపిల్లలకు ప్లాస్టిక్‌దే ఇవ్వండి. మందపాటి టిష్యూ పేపర్‌ను చుట్టగా చుట్టి గ్లాసు లోపల గోడకు ఆనించండి, మధ్యలో దూదో పాత గుడ్డముక్కో కుక్కండి. నానిన గింజను గోడకూ కాగితానికీ మధ్య, బయటికి కనిపించేలా దూర్చండి. అడుగున ఒక వేలి మందం నీళ్లు చాలు. కాగితం తడిని పైకి పీల్చుకుంటుంది. గింజ నీళ్లలో మునగకూడదు.

ఒక్కో గ్లాసులో మూడు గింజలు పెట్టండి. మచ్చ కిందికి ఉండేలా ఒకటి, పైకి ఉండేలా ఒకటి, పక్కకు ఉండేలా ఒకటి. ఇప్పుడు ఓటింగ్: తలకిందులుగా పెట్టిన గింజ వేరు ఎటు వెళుతుంది? మా తరగతుల్లో ఎక్కువమంది "పైకి" అనే చేతులెత్తుతారు. రెండు మూడు రోజులకు తెల్లటి వేరు బయటికి వచ్చి, మెడ తిప్పినట్టు వంగి, కిందికి దారి పడుతుంది. మూడు గింజలదీ ఒకటే దారి.

వేరు ఒక అంగుళం అయ్యాక గ్లాసును పక్కకు పడుకోబెట్టండి, నీళ్లు ముందు తీసేసి కాగితం మాత్రం తడిగా ఉంచండి. ఒకటి రెండు రోజుల్లో వేరు చివర మళ్లీ కిందికి వంగుతుంది. కళ్లు లేని వేరుకు కింద ఎటో ఎలా తెలిసింది? వేరు కొనలో ఉండే కొన్ని కణాల్లో బరువైన పిండి రేణువులుంటాయి. గ్లాసు ఎటు తిప్పినా అవి కిందివైపు జారి కూర్చుంటాయి, అవి ఎక్కడ కూర్చున్నాయో అదే కింద అని వేరుకు తెలుస్తుంది. ఒక సీసాలో కొన్ని ఇసుక రేణువులు వేసి మూతపెట్టి తిప్పి చూపిస్తే ఏడేళ్ల వాళ్లకు కూడా ఇది అర్థమవుతుంది.

బూజు పడితే కంగారు పడకండి. తడి ఎక్కువైందని అర్థం. బూజు పట్టిన గింజ తీసేసి, రెండు రోజులకోసారి నీళ్లు మార్చండి. బూజును పిల్లలు ఎలాగూ వాసన చూడబోతారు, అది మాత్రం ఆపండి.

మూడో పని: నాలుగు కప్పుల పందెం

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. గింజ మొలవడానికి ఏమేం కావాలని అడిగితే పిల్లలు గడగడా చెప్పేస్తారు: మట్టి, నీళ్లు, ఎండ, గాలి. సరే, చూద్దామనండి.

నాలుగు కప్పుల్లో దూది మీద తలా ఐదు పెసలు పెట్టండి. మొదటిది తడి దూదితో, మామూలుగా కిటికీ దగ్గర. రెండోదానికి నీళ్లు ఉండవు, పొడి దూది. మూడోది తడి దూదే, కానీ చీకటి అల్మారాలో. నాలుగోదాంట్లో గింజలు పూర్తిగా మునిగేలా కప్పు నిండా నీళ్లు. నియమం ఒక్కటే: మొదటి కప్పుతో పోలిస్తే ప్రతి కప్పులోనూ ఒక్కటే మారాలి. ఈ నియమం పిల్లలకు మహా కష్టం. చీకట్లో పెట్టి, నీళ్లు తగ్గించి, పైన కాస్త ఉప్పు చల్లాలని ఉంటుంది వాళ్లకు. "అప్పుడు గింజ చచ్చిపోతే ఎవరి మీద కేసు పెడతాం? చీకటి మీదా, ఉప్పు మీదా?" అని అడిగితే నవ్వుతారు, కానీ పట్టుకుంటారు. ఉప్పు మీద మరీ మోజుంటే ఐదో కప్పు ఉప్పునీళ్లతో పెట్టనివ్వండి.

ఓట్లు వేయించి, సంఖ్యలు గోడకు అంటించండి. చీకటి కప్పుకు దాదాపు ఓట్లు రావు.

నాలుగైదు రోజులయ్యాక నలుగురి ముందూ అల్మారా తలుపు తీయండి. చీకట్లోవి మొలవడమే కాదు, కిటికీ దగ్గరవాటికంటే పొడుగ్గా ఉంటాయి! ఒకసారి ఒక బాబు "మేడమ్, చీకటే గెలిచింది, మనం కూడా చీకట్లోనే పడుకుంటాం కదా, అందుకే పొడుగవుతాం" అన్నాడు. వెంటనే సరిదిద్దాలని నాలుక దురద పెట్టింది, ఆపుకున్నాను. "సరే, ఇంకో నాలుగు రోజులు అక్కడే ఉంచుదామా?" అన్నాను. మొలకలు ఇంకా పొడుగై, పసుపుగా పాలిపోయి, సన్నబడి, వాలిపోయాయి. ఆ బాబే వచ్చి "ఇవి గెలవలేదు, వెలుతురు వెతుక్కుంటూ పరిగెత్తాయి" అన్నాడు. నేను చెప్పి ఉంటే ఇంత బాగా చెప్పేదాన్ని కాదు. మొలవడానికి సద్దిమూట చాలు, బతకడానికి వెలుతురు కావాలి. పూర్తిగా వాలిపోకముందే కొన్నిటిని కిటికీ దగ్గరికి మార్చండి, ఒకటి రెండు రోజుల్లో ఆకులు పచ్చబడటం కళ్లారా చూస్తారు.

నీళ్లలో మునిగిన గింజలు ఉబ్బుతాయి, కొన్ని కాస్త పగిలి మొన చూపిస్తాయి, ఆ తర్వాత ముందుకు సాగవు, వాసన మొదలవుతుంది. గింజకు గాలి అందలేదు. గింజ కూడా ఊపిరి పీల్చుకుంటుందన్నది పిల్లలకు పెద్ద వార్త. ఇక మట్టి? నాలుగు కప్పుల్లో ఎక్కడా మట్టి లేదని ఎవరో ఒకరు గమనిస్తారు. గమనించకపోతే మీరే అడగండి, ఆ ప్రశ్నకు జవాబు తర్వాతి పనిలో వస్తుంది.

నాలుగో పని: మట్టిలోకి

కప్పు అడుగున రెండు మూడు రంధ్రాలు ఉండాలి, లేకపోతే మిగతాదేదీ పనిచేయదు. రెండు వంతుల మామూలు మట్టి, ఒక వంతు చివికిన ఎరువు, ఒక వంతు ఇసుక కలపండి. కలిపే పని పిల్లలదే. చేతికి మట్టి అంటకుండా స్పూన్‌తో కలపమంటే సగం సరదా పోతుంది. పుండ్లు, గాట్లు ఉన్నవాళ్లకు గ్లవ్స్ ఇవ్వండి, అయ్యాక అందరూ సబ్బుతో చేతులు కడగాలి.

గింజ ఎంత మందమో దానికి రెండు మూడింతల లోతు గుంట చాలు. చిక్కుడుకు ఒక వేలి కణుపు లోతు, ఆవాలకైతే పైన కాస్త మట్టి చల్లితే చాలు. కప్పుకు రెండు గింజలు వేయండి. పేరూ తేదీ పెన్సిల్‌తో రాసి అంటించండి.

చిక్కుడు మొలిచేటప్పుడు దాని బద్దలు మట్టిని తోసుకుని పైకొస్తాయి, తర్వాత ముడుచుకుని రాలిపోతాయి. "నా మొక్కకు మొదటి ఆకులు రాలిపోయాయి" అని ఏడుపు మొదలైతే, సద్ది తినేసి మూట పారేసిందని చెప్పండి. శనగ అలా కాదు, బద్దల్ని మట్టిలోనే వదిలి చిగురు ఒక్కదాన్నే పైకి పంపుతుంది. రెండూ పక్కపక్కన నాటితే తేడా వాళ్లే కనిపెడతారు.

తరగతి గదిలో మొక్కలు ఎండిపోయి చచ్చేదానికంటే నీళ్లెక్కువై చచ్చేదే ఎక్కువ. ప్రేమ కొద్దీ పొద్దున ఒకసారి, ఇంటర్వెల్‌లో ఒకసారి, బెల్ కొట్టాక ఒకసారి పోస్తారు. కాండం మొదట్లో మెత్తబడి, నల్లబడి మొక్క పడిపోతే అది కుళ్లుతెగులు. దీనికి మందు వెతక్కండి, నీళ్లకు పద్ధతి పెట్టండి. వేలు మొదటి కణుపు దాకా మట్టిలో గుచ్చాలి. తడి తగిలితే నీళ్లు లేవు, పొడిగా ఉంటే పోయాలి. రోజుకు ఒకరు నీళ్ల లీడర్. మూతకు సూదితో చిల్లులు పొడిచిన చిన్న సీసా అయితే గింజ కొట్టుకుపోకుండా సన్నగా పడుతుంది.

వరస సెలవులొస్తే కొంచెం ఎత్తులో నీళ్ల గిన్నె పెట్టి, నూలు తాడు ఒక కొస గిన్నెలో ముంచి, ఇంకో కొస మట్టిలో అంగుళం లోతున దూర్చండి. తాడును ముందే తడపడం మర్చిపోవద్దు.

ఇప్పుడు మట్టి ప్రశ్న. "మొక్క ఏం తిని ఇంత పెద్దదైంది?" అంటే "మట్టి" అంటారు. పెద్దవాళ్లను అడిగినా అదే అంటారు. వందల ఏళ్లనాడు హెల్మాంట్ అనే ఆయనకు ఇదే అనుమానం వచ్చింది. పెద్ద తొట్టిలో సుమారు 90 కిలోల ఎండబెట్టిన మట్టి తూచి పోసి, దాదాపు రెండుంపావు కిలోల విల్లో మొక్క నాటి, ఐదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు దాదాపు 77 కిలోలైంది. మట్టి తగ్గింది 60 గ్రాములు కూడా లేదు. ఆయన చనిపోయాక, 1648లో ఈ సంగతి అచ్చయింది. ఈ కథ చెప్పి "మరి అంత బరువు ఎక్కడినుంచి వచ్చింది?" అని అడిగి వదిలేయండి. ఆయన నీళ్లనుంచే అనుకున్నాడు, సగమే కరెక్ట్. మిగతాది గాలినుంచి వచ్చింది. ఆకులు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను, వేళ్లు అందించిన నీళ్లను, వెలుతురు బలంతో కలిపి చక్కెరగా చేస్తాయి. మట్టి ఇచ్చేది కొద్దిపాటి లవణాలే, కానీ అవి లేకపోతే మొక్క నీరసిస్తుంది. ఐదేళ్ల పిల్లలకు ఈ వివరం అక్కర్లేదు, తూకం కథ చాలు.

ఐదో పని: కొలత

చిన్నపిల్లలకు స్కేలు వద్దు. సన్నటి రంగు కాగితం ముక్కను మొక్క పక్కన నిలబెట్టి, మట్టి నుంచి కొన దాకా ఎంతుందో అంతకు కత్తిరించండి. దాన్ని చార్టు మీద తేదీ పైన అంటించండి. మూడు రోజులకోసారి ఒక ముక్క. నాలుగైదు ముక్కలయ్యేసరికి మెట్లలాగా గ్రాఫ్ తయారవుతుంది, గ్రాఫ్ అన్న మాట చెప్పకుండానే. ఎనిమిదేళ్లవాళ్లు సెంటీమీటర్లు రాయొచ్చు, ఆకులు లెక్కపెట్టొచ్చు.

రోజూ బొమ్మ గీయమని మాత్రం అనకండి. మూడోరోజుకు చూడకుండానే గీసేస్తారు.

ఆరో పని: కాసేపట్లో అయ్యే ప్రయోగాలు

మొక్క పెరిగేలోపు వారానికొకటి చేసుకోండి.

తెల్లటి పువ్వు కాడ కొనను ఏటవాలుగా కోసి, చిక్కగా రంగు కలిపిన నీళ్లలో ఉంచండి. కోత పని మీదే. కొన్ని గంటల్లో రేకుల అంచులకు రంగెక్కుతుంది, మర్నాటికి స్పష్టంగా తెలుస్తుంది. కాడను మధ్యకు చీల్చి రెండు గ్లాసుల్లో రెండు రంగులు పెడితే పువ్వు రెండు రంగుల్లోకి మారుతుంది.

ఆకులున్న కొమ్మకు పారదర్శక ప్లాస్టిక్ కవర్ తొడిగి, నోరు కట్టి ఎండలో వదిలేయండి. రెండు గంటల్లో లోపల నీటిచుక్కలు. ఆకుల్లేని పుల్లకు కూడా ఇంకో కవర్ కట్టండి, లేకపోతే "అది కవర్‌లో ఉన్న తడే" అనే తెలివైనవాడికి మీ దగ్గర జవాబుండదు.

చెప్పుల డబ్బాకు ఒక చివర రూపాయి బిళ్లంత రంధ్రం చేసి, రెండో చివర చిక్కుడు మొలక పెట్టి మూయండి. నీళ్లు పోయడానికి తప్ప తీయొద్దు. మూడు నాలుగు రోజుల్లో మొలక రంధ్రం వైపు వంగుతుంది. వెలుతురును మొలకలో ఏ భాగం కనిపెడుతుందన్నది చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ గడ్డి మొలకల మీద పరీక్షించి 1880లో ప్రచురించారు. కొనకు వెలుతురు తగలకుండా టోపీ పెడితే మొలక వంగలేదు, మొదలు కప్పితే వంగింది. పెద్ద పిల్లలైతే గోధుమ మొలకలకు వెండిరంగు ఫాయిల్ టోపీలు పెట్టి చూడొచ్చు. ఓపికున్న రోజున మాత్రమే పెట్టుకోండి, టోపీలు ఊరికే ఊడిపోతాయి.

గింజ లేకుండా మొక్క వస్తుందని చూపించాలంటే రణపాల ఆకు ఒకటి తడిమట్టి మీద పడేయండి. కొద్ది రోజులకు ఆకు అంచుల నుంచి బుల్లి మొక్కలు లేస్తాయి. క్యారట్ తల కోసి నీళ్ల పళ్లెంలో పెడితే ఆకులొస్తాయి. ఆకులే వస్తాయి, కొత్త క్యారట్ రాదు. ఇది ముందే చెప్పండి, లేకపోతే మీరు అబద్ధం చెప్పారంటారు.

మొక్క చచ్చిపోతే

చచ్చిపోతాయి. ముప్పైలో ఐదారు ఖాయం. సాయంత్రం పిల్లలు వెళ్లాక చచ్చిన మొక్క తీసి, కొత్తది పెట్టి, ఏమీ జరగనట్టు ఊరుకునే టీచర్లను చూశాను. మొదట్లో నేనూ ఆ పని చేశాను. ఒక పాప మర్నాడు చూసి, "ఇది నాది కాదు, నాదానికి ఆకు మీద చిల్లు ఉండేది" అంది. ఆ తర్వాత నేనేం చెప్పినా వారం దాకా ఆ పాప అనుమానంగానే చూసింది.

కాబట్టి దాచకండి. ఆ పిల్లని కూర్చోబెట్టుకుని, ఆమె ఒప్పుకుంటేనే మొక్కను మెల్లగా పెకలించండి. వేరు తెల్లగా గట్టిగా ఉందా, గోధుమరంగులో మెత్తగా ఉందా? మెత్తగా ఉంటే నీళ్లెక్కువ. మట్టి పెళ్లగా బిగుసుకుని, ఆకులు కరకరలాడుతుంటే నీళ్లు తక్కువ. కాండం తెగి ఉంటే పురుగో, పక్కింటి మోచేయో. కారణం దొరికితే బాధ సగం తగ్గుతుంది. చార్టు మీద కాగితం ముక్కలు ఆగిపోయిన చోట తేదీ, కారణం రాయించండి. ఆ చార్టు చింపొద్దు.

అందుకే మొదట్లోనే ఐదారు కప్పులు అదనంగా నాటి, "ఇవి అందరివీ" అని అందరికీ చెప్పి పెట్టండి. మొక్క పోయినవాళ్లు వాటిలోంచి ఒకటి దత్తత తీసుకుంటారు. పాతదాని చోటులో కాదు, కొత్తగా.

ఏడో పని: పువ్వు నుంచి మళ్లీ గింజ

చిక్కుడును కిటికీ గట్టు మీద ఎక్కువకాలం ఉంచలేం. మూడు నాలుగు అసలు ఆకులు వచ్చాక పెద్ద కుండీలోకో, బయట పాదులోకో మార్చండి. మార్చేది సాయంత్రం పూట అయితే మంచిది, వేళ్ల చుట్టూ మట్టి రాలకుండా చూడండి. తీగ రకమైతే కర్ర కావాలి. బంతి మొక్కకు ఇవేం అక్కర్లేదు, ఎండ ఉంటే రెండు నెలల్లో పూస్తుంది.

పువ్వు పాఠానికి మందారం ఒకటి విప్పండి. మధ్యలో పొడుగాటి గొట్టం, దాని మీద పసుపు పుప్పొడి తిత్తులు, చివర ఐదు చిట్టి బొడిపెలు, అడుగున అండాశయం అన్నీ విడివిడిగా కనిపిస్తాయి. ఆ తర్వాత బంతిపువ్వు విప్పమనండి. ఒక్కో రేకు కింద సన్నటి నల్లటి గింజ మొదలు కనిపించేసరికి, బంతిపువ్వు ఒక పువ్వు కాదని, పూల గుంపని వాళ్లకే తెలిసిపోతుంది.

పూలను, కాయలను మొక్క మీదే ఎండనివ్వండి. పచ్చిగా కోస్తే గింజలు మొలవవు. చిక్కుడు కాయ గలగలలాడేదాకా ఆగి, విప్పి లెక్కపెట్టించండి. నేను నాటింది ఒకటి, వచ్చినవి ఎన్ని? గుణకారం నేర్చుకుంటున్న పిల్లలకు ఇంతకంటే మంచి లెక్క దొరకదు.

"ఇవి ఎన్నాళ్లు బతుకుతాయి?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. అమెరికాలో విలియం బీల్ అనే వృక్షశాస్త్రవేత్త 1879లో రకరకాల కలుపు గింజల్ని 20 సీసాల్లో పెట్టి పాతిపెట్టాడు. ఆయన పోయాక తర్వాతి తరాలవాళ్లు కొన్నేళ్లకోసారి ఒక సీసా తవ్వి తీస్తూ వస్తున్నారు. 2021లో తీసిన సీసాలోంచి, 142 ఏళ్ల తర్వాత, ఇంకా కొన్ని గింజలు మొలిచాయి. మన చిక్కుడు గింజలకు అంత ఆయువు లేదు, పొడిగా చల్లగా ఉంచితే రెండు మూడేళ్లు బాగా మొలుస్తాయి.

గింజల్ని వారం రోజులు నీడలో ఆరనిచ్చి కాగితం కవర్లలో వేయండి. ప్లాస్టిక్‌లో వేస్తే మిగిలిన తడికి బూజు పడుతుంది. కవర్ మీద మొక్క పేరు, గింజలు కోసిన తేదీ, పెంచిన పిల్ల పేరు రాయించండి. పక్కనే వాళ్లు మొదటిరోజు గీసిన "గింజ లోపల ఏముంది" బొమ్మ అంటించండి. ఖాళీ గుండ్రం గీసిన పాప తన కవర్ మీద ఆ నల్లరంగు మధ్యలో తెల్ల క్రేయాన్‌తో రెండు ఆకులు కలిపింది.